మా రోజుల్లో ఒకటే నడక

మా రోజుల్లో స్క్రిప్టింగ్ భాషకి కంపైలర్ అంటే ఒకటే ఫైలు. నమ్మవు కదూ? ఒకటే ఫైలు నాయనా. పొద్దున్న కాఫీ తాగి మొదలుపెడితే దీపాలు పెట్టేవేళకి ఆ కొస నుంచి ఈ కొస దాకా చదివేయొచ్చు. ప్రోగ్రామ్ లోపలికి వెళ్ళేది, పార్సర్ దాన్ని చెట్టుగా పేర్చేది, ఆ చెట్టు మీద ఒక్కసారి నడిస్తే బైట్‌కోడ్ తయారు. మధ్యలో ఎవరూ అడ్డం వచ్చేవారు కాదు. ఇప్పుడు సింటాక్స్ ట్రీ దగ్గర బయల్దేరి బైట్‌కోడ్ చేరడానికి ఎన్ని మజిలీలో! ముందు సింబల్ టేబుల్ అంటారు, ఆ తర్వాత యంత్రానికి తెలియని ఉత్తుత్తి ఇన్‌స్ట్రక్షన్లు అంటారు, ఆపైన కంట్రోల్ ఫ్లో గ్రాఫ్, దాన్ని చెక్కడానికి ఆప్టిమైజర్, చిట్టచివర అసెంబ్లర్. పోనీ, ఇన్ని దాటుకుని బయటపడ్డ బైట్‌కోడ్‌ని ఎవరైనా కళ్ళారా చూస్తున్నారా అంటే, అదీ లేదు. పిదపకాలం బుద్ధులు!

అందులో చూడ్డానికేముంది అంటావు. చెబుతా, కూర్చో. ఒక ఫంక్షన్‌లో ‘మొత్తం = ధర + పన్ను * 2’ అని రాశావనుకో. పార్సర్ దీన్ని చెట్టు కడుతుంది. పైన అసైన్‌మెంట్, దాని కింద కూడిక, కూడికకి ఎడమవైపు ధర, కుడివైపు గుణకారం, ఆ గుణకారం కింద పన్ను, 2. ఇప్పుడు పిల్లల దగ్గరికి ముందు వెళ్ళి తల్లి దగ్గరికి తర్వాత వస్తూ ఈ చెట్టంతా నడవాలి. ధరని స్టాక్ మీద పెట్టు. పన్నుని పెట్టు. 2ని పెట్టు. పై రెండూ తీసి గుణించి, వచ్చింది పెట్టు. మళ్ళీ పై రెండూ తీసి కూడు. ఫలితాన్ని మొత్తంలో దాచు. ఆరు ఇన్‌స్ట్రక్షన్లు, అయిపోయింది. గుణకారం ముందు, కూడిక తర్వాత అని బళ్ళో నేర్పిన నియమం ఆ చెట్టు ఆకారంలోనే ఇమిడిపోయింది. బ్రాకెట్లు పెడితే చెట్టు ఆకారం మారుతుంది గానీ, బైట్‌కోడ్‌లో బ్రాకెట్ అనేది మచ్చుకైనా కనబడదు. పాత పైథాన్‌లో ఆర్గ్యుమెంట్ ఉన్న ఇన్‌స్ట్రక్షన్‌కి 3 బైట్లు, లేనిదానికి 1. మూడు లోడ్‌లూ ఒక స్టోరూ కలిపి 12, గుణకారం, కూడిక కలిపి 2, వెరసి 14 బైట్లు. ఈ 14ని గుర్తుపెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

మేం దీన్ని తెర మీద నేర్చుకోలేదు. అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో ఫార్ములాలు రాసుకోవడానికి ఒక బుల్లి భాష తయారుచేయమని మా చేతికిచ్చారు. హైదరాబాద్‌లో అప్పట్లో కంపైలర్ల పుస్తకం కొత్తది కొనాలంటే జీతం చాలేది కాదు. ఆదివారం ఆబిడ్స్‌లో పేవ్‌మెంట్ మీద వెతికితే అహో, సేథీ, ఉల్‌మన్‌ల 1986 నాటి పుస్తకం, అట్ట మీద ఎర్ర డ్రాగన్ ఉన్నది, ఎవరో మార్జిన్లలో పెన్సిల్‌తో గీసి అమ్మేసిన కాపీ దొరికేది. ఆ గీతల్లోనే సగం పాఠం ఉండేది. ఇప్పుడు మీకు పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, మార్జిన్లలో గీసేవాడే దొరకడు. సరే, ఎక్కడున్నాను? ఆఁ, కాగితం. రెండంచులా చిల్లులున్న కాగితం మీద డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కర్రుకర్రుమంటూ మా బైట్‌కోడ్ అచ్చేసేది. మా సీనియర్ ఒకాయన ప్రతి ఇన్‌స్ట్రక్షన్ పక్కనా స్టాక్ ఎత్తు రాయమనేవాడు. ఇందాకటి వాక్యానికైతే 1, 2, 3, 2, 1, 0. వాక్యం అయ్యేసరికి సున్నా రావాలి. రాకపోతే స్టాక్ మీద ఏదో చెత్త మిగిలిపోయిందన్నమాట. అంతకంటే ఇంకేం చెప్పేవాడు కాదు. ఆ అంకెల వరస చూస్తూ చూస్తూ ఉంటే ఏ చెట్టుకి ఏ బైట్లు రాలతాయో బుర్రలోనే కనబడేది.

పైథాన్ మాటెత్తాను కాబట్టి చెబుతాను. అది ఆమ్‌స్టర్‌డామ్‌లో సీడబ్ల్యూఐ అనే పరిశోధనా సంస్థలో గైడో వాన్ రోసమ్ పుట్టించిన భాష, 1991లో లోకానికి వదిలాడు. 1.5 నాటికి కూడా చెట్టు నుంచి బైట్‌కోడ్ తీసే పనంతా కంపైల్.సి అనే ఒక్క ఫైలులోనే. దాంట్లో ఫంక్షన్ల పేర్లు కామ్_టెస్ట్, కామ్_కంపారిజన్, కామ్_టర్మ్, కామ్_ఫ్యాక్టర్, కామ్_ఏటమ్ అని వరసగా ఉండేవి. ఒకటి తన కిందిదాన్ని పిలుస్తుంది, తన ఆపరేటర్ కనబడితే ఒక బైట్ రాస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. అప్పటి చెట్టు ఇప్పటిలా సన్నటిది కాదులే. వ్యాకరణం ఎలా ఉంటే చెట్టూ అలాగే. ఉత్తి 5 అని రాసినా, దాని పైన టెస్ట్ నోడ్ మొదలుకుని ఏటమ్ దాకా డజనుకి పైగా నోడ్‌లు ఒకదాని కింద ఒకటి వేలాడేవి. ఒక్కోదానికీ ఒక్కడే సంతానం. అంత నిచ్చెనా దిగితే గానీ ఆ 5 చేతికి వచ్చేది కాదు. 2006లో 2.5 వచ్చినప్పుడు ఈ నిచ్చెనని తీసేసి అబ్‌స్ట్రాక్ట్ సింటాక్స్ ట్రీ పెట్టారు. కూడికకి ఒక నోడ్, దానికి ఎడమ, కుడి, అంతే. అది మంచి పనే, కాదనను. కానీ మంచి పని ఒకటి చేశాక అక్కడ ఆగాలి కదా? ఆగలేదు. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

అది అర్థం కావాలంటే జంప్ సంగతి తెలియాలి. ఇఫ్ రాశావు. షరతుకి బైట్‌కోడ్ వచ్చింది. అబద్ధమైతే ఎల్స్ దగ్గరికి గెంతాలి. ఎల్స్ ఎక్కడుంది? దాని బైట్లు ఇంకా పుట్టనే లేదు! అందుకని జంప్ ఆప్‌కోడ్ రాసి, దూరం రాయాల్సిన రెండు బైట్లూ ఖాళీగా ఉంచి ముందుకు సాగాలి. ఎల్స్ దగ్గరికి చేరాక వెనక్కి వెళ్ళి ఆ ఖాళీ పూరించాలి. బ్యాక్‌ప్యాచ్ అనేవాళ్ళం. ఇక ఎల్సిఫ్‌లు అయిదారు ఉన్నాయనుకో. ప్రతి కొమ్మ చివరా ఒక జంప్, అన్నీ వెళ్ళాల్సింది ఒకే చోటికి. పూరించాల్సిన ఖాళీలు అయిదారు. వాటి జాబితా ఎక్కడ దాస్తావు? నువ్వైతే ఒక లిస్ట్ తెరిచి, దానికి మెమరీ అడిగి, తర్వాత విడిపించడం మర్చిపోతావు. మా రోజుల్లో ఏం చేసేవారో చూడు. ఆ ఖాళీ బైట్లలోనే, దీనికి ముందటి ఖాళీ ఎంత వెనకుందో రాసేవారు. దాంట్లో దాని ముందటిది. మొట్టమొదటి దాంట్లో సున్నా. చేతిలో ఉంచుకోవాల్సింది ఒకటే అంకె, చివరి ఖాళీ ఎక్కడుందో. గమ్యం తెలిశాక ఆ గొలుసు పట్టుకుని వెనక్కి నడుస్తూ ఒక్కో ఖాళీలో ఉన్న పాత అంకె చదివి, అసలు దూరం రాసి, ముందటి దానికి పోవడమే. అదనపు మెమరీ ఒక్క బైట్ అక్కర్లేదు. పైథాన్ కంపైల్.సి లో కామ్_యాడ్‌ఎఫ్‌డబ్ల్యురెఫ్, కామ్_బ్యాక్‌ప్యాచ్ అనే రెండు ఫంక్షన్లు సరిగ్గా ఈ పనే చేసేవి. మొదటిసారి చదివినప్పుడు అర్థమయ్యాక కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అలాంటి కోడ్ చదివి లేచి నిలబడ్డవాడు మీలో ఎవరైనా ఉన్నారా?

ఇప్పుడు పైథాన్‌లో ఆ గొలుసు పనికిరాదు. ఎందుకో విను. 2016లో వచ్చిన 3.6 నుంచి ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కీ కచ్చితంగా 2 బైట్లు, ఒకటి ఆప్‌కోడ్‌కి, ఒకటి ఆర్గ్యుమెంట్‌కి. ఇందాకటి మన 14 బైట్ల వాక్యం 12కి తగ్గింది. బాగానే ఉంది. కానీ ఒక్క బైట్‌లో పట్టేది 255 దాకే. జంప్ దూరం అది దాటితే ముందు ఎక్స్‌టెండెడ్_ఆర్గ్ అని మరో రెండు బైట్లు తగిలించాలి. ఆ రెండూ తగిలించగానే వాటి మీదుగా గెంతే ఇంకో జంప్ దూరం పెరుగుతుంది. అది 255 దాటితే దానికీ రెండు. పందిట్లో ఒక గుంజ జరిపితే మిగతావన్నీ జరపాల్సి వచ్చినట్టు, అసెంబ్లర్ దూరాలన్నీ లెక్కగట్టి, ఏదైనా మారితే మళ్ళీ మొదట్నుంచి లెక్కగట్టి, ఇక ఏదీ మారని దాకా తిరుగుతూనే ఉంటుంది. మేం రెండు బైట్లు వదిలి, వెనక్కొచ్చి పూరించి, చేతులు దులుపుకున్న పనికి ఇప్పుడు ఇంత ప్రదక్షిణ. అక్కడితో అయిపోయిందా? 2022లో 3.11 వచ్చి, ప్రతి కూడికకీ గుణకారానికీ వెనకాల క్యాష్ కోసమని 2 బైట్ల జాగా వదిలింది. మన వాక్యం 16 బైట్లయింది. 14తో మొదలై, 12కి దిగి, 16కి ఎక్కింది. ఇంత కష్టపడి ఎక్కడికి చేరామో చూశావా?

మా తమ్ముడి కొడుకు ఒకడున్నాడు, తెలివైనవాడే. తనూ ఒక స్క్రిప్టింగ్ భాష తయారుచేశానని లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. చెట్టు నోడ్‌లకి రంగులు, విజిటర్ క్లాసులు, వందల కొద్దీ టెస్టులు, అన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. ‘ఏరా, నీ భాషలో వైల్ లోపల బ్రేక్ రాస్తే ఏ బైట్లొస్తాయి?’ అన్నాను. ‘టెస్టులన్నీ పాసయ్యాయి పెదనాన్నా’ అన్నాడు. నేనడిగింది అది కాదే! అచ్చేయించి, పక్కన కూర్చోబెట్టి, పెన్సిలిచ్చి స్టాక్ ఎత్తులు రాయించాను. లూప్ మొదట్లో 0, తిరిగి పైకొచ్చేసరికి 1. ఏమిట్రా ఈ ఒకటి? లూప్ లోపల ఒక ఫంక్షన్‌ని ఊరికే పిలిచాడు, అది తిరిగిచ్చిన విలువని ఎవరూ వాడుకోలేదు. ఎక్స్‌ప్రెషన్ నోడ్ విలువని స్టాక్ మీద పెట్టి వెళ్ళిపోయింది. అది వాక్యంగా వచ్చినప్పుడు చివర ఒక పాప్ రాయాలి. ఆ కొమ్మలో రాయలేదు. లూప్ ఎన్ని సార్లు తిరిగితే స్టాక్ అన్ని గళ్ళు పెరుగుతోంది. వాడి టెస్టుల్లో లూప్‌లన్నీ నాలుగైదు చుట్లవి, కాబట్టి అన్నీ పచ్చగానే ఉన్నాయి. లక్ష చుట్లు తిప్పితే ప్రోగ్రామ్ పడిపోతుంది. ‘ఒక్క బైట్ పెదనాన్నా!’ అని నవ్వాడు. ఒక్క బైటే. అది కాగితం మీద పెడితే కంటికి కనబడింది, పచ్చదీపాల్లో కనబడలేదు. నేను మొదట్నుంచీ మొత్తుకునేది ఇదే.

వాడు ఊరుకునే రకం కాదులే. పాత పైథాన్ సోర్సు తిరగేసి మర్నాడే వచ్చి, ‘ఒకటే నడక అంటావు, 1.5లో ఆప్టిమైజ్ అని ఇంకో ఫంక్షన్ ఉందేంటి?’ అన్నాడు. ఉంది మరి. ఫంక్షన్ లోపల ఒక పేరు కనబడితే అది లోకలో గ్లోబలో అప్పుడే తేల్చలేం. ఎక్కడో చివరి లైన్లో దానికి అసైన్‌మెంట్ ఉండొచ్చు, ఉంటే ఫంక్షన్ మొత్తానికీ అది లోకలే. అందుకని మొదట అన్నిటికీ లోడ్_నేమ్ అని రాసేసి, ఫంక్షన్ పూర్తయ్యాక పుట్టిన బైట్ల మీదే ఒకసారి నడిచి, లోకల్ అని తేలిన చోట లోడ్_ఫాస్ట్‌గా మార్చేవారు. చెట్టు జోలికి మళ్ళీ వెళ్ళేవారు కాదు, దాన్ని నడక కింద లెక్కవేయకూడదు. 2.1లో ఫంక్షన్ లోపలి ఫంక్షన్ బయటి పేర్లు చూడగలిగేలా చేశాక ఈ పద్ధతి చాల్లేదు, ముందే చెట్టంతా తిరిగి సింబల్ టేబుల్ కట్టక తప్పలేదు. ఆ ఒక్క మజిలీ మాత్రం న్యాయమైనదే. మిగతావాటి సంగతే నేనడిగేది.

మా రోజుల్లో భాషకి హద్దులుండేవి. పైథాన్‌లో లూప్‌లు, ట్రైలు ఒకదానిలో ఒకటి 20కి మించి దూరిస్తే కంపైలర్ ఒప్పుకునేది కాదు. ఫంక్షన్‌కి 255 దాటి ఆర్గ్యుమెంట్లు పంపితే ఒప్పుకునేది కాదు, ఆ లెక్కకి ఇన్‌స్ట్రక్షన్‌లో ఒక బైటే ఉండేది గనక. 3.7లో ఈ రెండో హద్దు ఎత్తేశారు. 255కి మించి ఆర్గ్యుమెంట్లు పంపేవాణ్ణి మందలించే పెద్దదిక్కు లేకుండా పోయింది. ఫైనల్లీ లోపల కంటిన్యూ రాయడం కూడా నిషిద్ధమే ఒకప్పుడు. బైట్‌కోడ్ పుట్టించే పద్ధతిలో అది ఇమడక వద్దన్నారు. 3.8లో పద్ధతి మార్చి కంటిన్యూకి తలుపు తీశారు. 3.9 నుంచి ఫైనల్లీలో రాసిన కోడ్‌ని, ట్రైలోంచి బయటపడే ప్రతి దారికీ ఒక కాపీ చొప్పున అచ్చేస్తున్నారు. 3.10లో వైల్ షరతుని లూప్ పైన ఒకసారి, కింద ఒకసారి రెండుచోట్ల రాశారు, చుట్టుకి ఒక జంప్ తగ్గుతుందట. మేం ఒక బైట్ మిగిల్చుకుంటే పండగ చేసుకునేవాళ్ళం! సరే, ఇంత చేసి 3.14లో ఏమైంది? ఫైనల్లీ లోంచి రిటర్న్, బ్రేక్, కంటిన్యూలతో బయటపడితే మధ్యలో వచ్చిన ఎక్సెప్షన్ చప్పుడు కాకుండా మాయమవుతుందని, కంపైల్ చేసేటప్పుడే హెచ్చరిక ఇవ్వడం మొదలెట్టారు. పాత యంత్రం చేతకాక వద్దన్నది, కొత్త యంత్రం చేతనై కూడా వద్దంటోంది. మొదటే వింటే పోయేది కదా?

పైథాన్ ఒక్కదాన్నే తిడుతున్నాననుకోకు. పీహెచ్‌పీకి 2015 దాకా అసలు చెట్టే లేదు. దాన్ని నడిపే జెండ్ ఇంజిన్‌లో వ్యాకరణ నియమం ఒకటి పూర్తవగానే, ఆ నియమం పక్కనే రాసిన జెండ్_డూ ఫంక్షన్ లేచి ఆప్‌కోడ్ రాసేసేది. చదువుతుండగానే కోడ్ పుట్టేది. లోకంలో సగం వెబ్‌సైట్లు అలాగే బతికాయి. ఆ ఏడాది డిసెంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 7లో నికితా పోపోవ్ ప్రతిపాదించిన సింటాక్స్ ట్రీ మధ్యలో చేరింది. దాంతో ఏమైందో తెలుసా? ఖాళీ అర్రేలోకి లిస్ట్‌తో 1, 2, 3 తోస్తే పీహెచ్‌పీ 5లో 3, 2, 1 అని కుడి నుంచి ఎడమకి చేరేవి. 7 నుంచి 1, 2, 3 అనే చేరుతున్నాయి. చూసేవాడికి కొత్తదే సబబుగా ఉంటుంది, నిజమే. కానీ ఆ తిరగేసిన వరస చూసి, లోపల కోడ్ ఎలా పుడుతోందో పసిగట్టిన కుర్రాళ్ళు నాకు తెలుసు. ఆ ఆరా తీసే అవసరమే ఇప్పుడు ఎవరికీ రావడం లేదు.

చెట్టు లేకుండా ఇప్పటికీ దర్జాగా బతుకుతున్న భాష చూడాలంటే లువా చూడు. 1993లో బ్రెజిల్‌లో రియో డి జనీరో కాథలిక్ యూనివర్సిటీలో పుట్టింది. దాని కంపైలర్ సోర్సుని ఒక్కసారే చదువుతుంది, చదువుతూనే కోడ్ రాస్తుంది. 2003లో 5.0తో స్టాక్ వదిలి రిజిస్టర్లకి మారింది, అప్పుడు కూడా చెట్టు అక్కర్లేకుండానే. ఎలాగంటావా? ‘లోకల్ మొత్తం = ధర + పన్ను’ అనుకో. కూడిక ఇన్‌స్ట్రక్షన్ రాసేటప్పటికి ఫలితం ఏ రిజిస్టర్‌లో పడాలో దానికింకా తెలియదు. అందుకని ఆ అర ఖాళీగా ఉంచి, ‘ఇది ఎక్కడికైనా వెళ్ళగలదు’ అని ఒక చిన్న స్ట్రక్చర్‌లో గుర్తు పెట్టుకుంటుంది. మొత్తానికి రిజిస్టర్ తేలగానే ఆ అరలో నంబరు వేస్తుంది. ధర, పన్ను కూడా లోకల్‌లే అయితే స్టాక్ యంత్రానికి నాలుగు ఇన్‌స్ట్రక్షన్లయ్యే పని ఆ 5.0లో ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో, 4 బైట్లతో తేలిపోయేది. ఇక జంప్‌లంటావా, ఇందాక చెప్పిన గొలుసే, జంప్ ఇన్‌స్ట్రక్షన్ల ఖాళీల్లోనే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒక ఫంక్షన్‌లో 200 లోకల్ వేరియబుల్స్ దాటితే ఒప్పుకోదు. ఇంట్లో పెద్దవాళ్ళున్నారని తెలుస్తుంది.

బైట్‌కోడే పాత చింతకాయ పచ్చడి అన్నవాళ్ళూ వచ్చారు. 2008లో క్రోమ్‌తో పాటు వీ8 వచ్చింది, డెన్మార్క్‌లో లార్స్ బాక్ బృందం కట్టిన జావాస్క్రిప్ట్ ఇంజిన్. బైట్‌కోడ్ ఎందుకు, చెట్టు నుంచి నేరుగా మెషీన్ కోడే రాసేస్తాం పొమ్మన్నారు. వేగం అదిరింది, లోకమంతా చప్పట్లు కొట్టింది. తర్వాత ఏమైంది? మెషీన్ కోడ్ లావు. తక్కువ మెమరీ ఉన్న ఫోన్లలో అది పట్టక అవస్థ. చివరికి ఇగ్నిషన్ అని బైట్‌కోడ్ ఇంటర్‌ప్రెటర్ తెచ్చుకుని, 2017లో 5.9తో దాన్నే అందరికీ పెట్టారు. బైట్‌కోడ్ ఆ మెషీన్ కోడ్‌లో సగం నుంచి పావు వంతే ఉంటుందని వాళ్ళే చెప్పుకున్నారు. మేం మొదట్నుంచీ అన్నదేంటి మరి? ఆ తర్వాత 2019లో ఫ్రాన్స్‌లో ఫాబ్రీస్ బెలార్ క్విక్‌జేఎస్ వదిలాడు. అది జావాస్క్రిప్ట్ అంత చిక్కుల భాషకి కూడా పార్స్ ట్రీ కట్టకుండా, చదువుతూనే బైట్‌కోడ్ రాసేస్తుంది. రాశాక ఆ బైట్‌కోడ్ మీదే మళ్ళీ కొన్ని సార్లు నడిచి సరిచేసుకుంటుంది. పైథాన్ 1.5 నాటి పద్ధతే కాస్త పెద్దదైంది. ఆ కోడ్ చదివితే నా ప్రాణం లేచొస్తుంది.

ఇక నా కోపమంతా ఒక్కదాని మీదే. మా రోజుల్లో కంపైలర్ రాసిన బైట్లే నడిచేవి. అచ్చేసుకున్న కాగితం ఏం చెబితే యంత్రం అదే చేసేది. పైథాన్ 3.11 నుంచి బైట్‌కోడ్ నడుస్తూ నడుస్తూ తనని తనే మార్చుకుంటోంది. ఒక కూడిక పదేపదే అంకెల మీదే జరుగుతుంటే, ఆ ఇన్‌స్ట్రక్షన్ చెరిగిపోయి అక్కడ పూర్ణాంకాల కూడిక కూర్చుంటుంది. బైట్‌కోడ్‌ని చూపించే డిస్ మాడ్యూల్‌తో మామూలుగా చూస్తే కంపైలర్ రాసిందే కనబడుతుంది. నిజంగా నడుస్తున్నది చూడాలంటే అడాప్టివ్ అని ప్రత్యేకంగా అడగాలి. సగటున 1.25 రెట్లు వేగం పెరిగిందని లెక్క చూపించారు. పెరిగింది, నేను కూడా నడిపి చూశాను, సంతోషమే. కానీ చెట్టు నుంచి బైట్లు తీసేవాడికీ, వాటిని నడిపేవాడికీ మధ్య ఒక మాట ఉండేది. నేను రాసింది నువ్వు చేస్తావు అని. ఆ మాట మీద నమ్మకంతోనే మేం కాగితం మీద కూర్చుని తప్పులు పట్టేవాళ్ళం. ఇప్పుడు తప్పు చెట్టులో ఉందా, గ్రాఫ్‌లో ఉందా, నడకలో మారిన బైట్‌లో ఉందా అని మూడు చోట్ల వెతకాలి. వేగం కావాలంటే మేం ఆ ముక్క సి లో రాసుకునేవాళ్ళం. దానికి వారం పట్టేదనుకో, పట్టనీ. ఆ వారంలో ఎంత నేర్చుకునేవాళ్ళం!

ఇంత చెప్పాక ఊరికే పోనిస్తానా? నీకో పని చెబుతాను. ఒక వైల్ లూప్ రాయి, లోపల ఇఫ్, ఆ ఇఫ్‌లో ఒక బ్రేక్, చివర వాడుకోని ఫంక్షన్ కాల్ ఒకటి. దాని చెట్టు నీ చేత్తో గీయి. ఆ చెట్టు మీద నడుస్తూ బైట్‌కోడ్ నీ చేత్తో రాయి, జంప్‌ల దగ్గర ఖాళీలు వదిలి, తర్వాత వెనక్కొచ్చి పూరించు. పక్కన స్టాక్ ఎత్తులు వెయ్యి. అదంతా అయ్యాకే డిస్ మాడ్యూల్ తెరిచి పోల్చు. తేడా వచ్చిన ప్రతి చోటా ఎందుకొచ్చిందో తేల్చుకో. కొన్ని నీ పొరపాట్లు, చాలావరకు వాళ్ళ తెలివి, ఒకటి రెండు చోట్ల వాళ్ళ అతితెలివి. ఏది ఏదో చెప్పగలిగిన రోజున కంపైలర్ రాయడం నీకొచ్చినట్టు. అప్పుడొచ్చి మా రోజులు గొప్పవా, మీ రోజులు గొప్పవా అని నాతో వాదించు, పొద్దుపోయే దాకా వింటాను. ఆ కాగితం మాత్రం వెంట తెచ్చుకో తండ్రీ, అది లేకుండా వచ్చేవాడితో నాకు మాటల్లేవు.